గుండ్లకమ్మ నీళ్లలో దిగకముందు

శ్రోతలకు నమస్కారం.

1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఆ పని జరిపించారు. ఏడాది తిరిగేసరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. వారిలో ఎక్కువమంది మాదిగలు.

అప్పటికి ధాత కరువు (1876-78 నాటి మహా కరువు) దక్షిణాదిని ఊడ్చిపెట్టింది. అందుకే గంజి కోసం మతం మారారన్న మాట నేటికీ వినిపిస్తుంది. ఆ మాట నేను ఒప్పుకోను. కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి పని చూపించారు. ఆ కూలి అందుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. పని ముగిసి, కూలి డబ్బు ఆగిపోయాకే జనం గుండ్లకమ్మలో దిగారు.

పైగా కథ కరువుతో మొదలు కాలేదు. పన్నెండేళ్ల ముందే, 1866లో, తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందారు. ఆయన తోలు పని చేసే మాదిగ. అంతకుముందే గురువును ఆశ్రయించి యోగసాధన చేసిన జిజ్ఞాసువు. తాను నమ్మినదాన్ని పల్లె పల్లెకూ నడిచి తనవాళ్లకు చెప్పారు. బావ నుంచి బావమరిదికి, వియ్యంకుడి నుంచి వియ్యంకుడికి ఆ మాట పాకింది. చరిత్ర చెప్పేటప్పుడు క్లౌ దొర పేరే ముందు వస్తుంది. నా దృష్టిలో పేరయ్యదే మొదటి పేరు.

చేరినవారు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి ఇవి మతనియమాలే. కానీ అవి తాకింది ఊరి బతుకంతా ఆధారపడిన మాదిగల పనులనే. మోటకు తోలు బానలు కుట్టేది, రైతుకు చెప్పులు కుట్టేది, జాతరలో డప్పు కొట్టేది, పిలిచిన క్షణాన వెట్టికి పరుగెత్తేది మాదిగే. కోతల కాలంలో ఒక ఆదివారం అతను రానంటే కామందుకు అది ధిక్కారం. డప్పు ముట్టనంటే అమ్మవారి కొలుపే ఆగిపోతుంది. దెబ్బలు పడ్డాయి, పని పోయింది, దారులూ నీళ్లూ కట్టడి చేశారు. అయినా చాలామంది వెనక్కి తగ్గలేదు. తరతరాలుగా 'రాను' అనే హక్కు లేనివాళ్లు వారానికి ఒక రోజైనా 'రాను' అనగలిగారు. ఈ ఉద్యమం సాధించినవాటిలో నాకు అన్నింటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

తర్వాత బడులు వచ్చాయి. అక్షరానికి ఆమడ దూరంలో ఉంచిన పిల్లలు పలక పట్టారు, వారిలోంచే ఉపాధ్యాయులూ బోధకులూ వచ్చారు. స్త్రీలు కూడా చదువు నేర్చి, ఇంటింటికీ వెళ్లి బైబిలు చదివి వినిపించారు.

కులం మాత్రం గుండ్లకమ్మలో కొట్టుకుపోలేదు. మతం మారినా నివాసం ఆ పల్లెలోనే, పిలుపు ఆ కులం పేరుతోనే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మతంతో ముడిపెట్టింది; క్రైస్తవులైన దళితులు అందులోకి రాలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో వారిని వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి జాబితాలో చేర్చారు. పూర్తి హోదా కోసం వారి పోరాటం ఇప్పటికీ సాగుతోంది.