జర్నలిజంతో పాటు ఇంకేం చదవాలి?

(నల్లగొండలో డిగ్రీ విద్యార్థులతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో జర్నలిజం చదివితే లాభమేంటని మీలో కొందరు అడిగారట. అక్కడ జర్నలిజం మెయిన్ సబ్జెక్టుగా తీసుకున్నా, పక్కనే చరిత్ర, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్, వీలుంటే సైన్సు పేపర్లూ చదవొచ్చు. వార్త రాయడం డెస్కులో కొన్ని నెలలు కూర్చుంటే వస్తుంది. ఏం అడగాలో తెలియడానికే ఆ మిగతా చదువంతా.

మన నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ సంగతే చూడండి. ఆ నీళ్లు తాగి వంకర తిరిగిన కాళ్ల ఫొటోలు ఏళ్ల తరబడి పేపర్లలో వచ్చాయి. అవి రావాల్సినవే, కాదనను. కానీ ఇక్కడి గ్రానైట్ రాయిలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎట్లా దిగుతుంది? తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు కదా, మీ ఊరి బోరులో ఎంతుంది, ఏ నెలలో పరీక్ష చేశారు? నల్లా వచ్చాక కూడా బోరు నీళ్లే తాగేది ఎవరు, ఎందుకు? కొంత కెమిస్ట్రీ, కొంత భూగర్భశాస్త్రం, ఊళ్లో ఏ వాడకు పైపు ముందు పోతుందో కాస్త తెలిస్తేనే ఈ ప్రశ్నలు పుడతాయి. ల్యాబ్ రిపోర్టు చదవడం రాని విలేకరి, అధికారి చెప్పిందే రాసుకుని వస్తాడు.

పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి పనికోసం పోయే కూలీల వలస కూడా అంతే. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కూలీలో ఎట్లా కోతపడుతుందో లెక్కకట్టని కథనం కన్నీళ్ల దగ్గరే ఆగిపోతుంది.

ఆ పాలమూరు మనిషే సురవరం ప్రతాపరెడ్డి గారు. లా చదివారు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం వచ్చు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకరంటే, ఘాటైన సంపాదకీయంతో సరిపెట్టుకోకుండా ఊరూరి నుంచి రచనలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. నా దృష్టిలో తెలుగులో అంత గట్టి రిపోర్టింగ్ అరుదు. అంతకంటే ముందే, 1922లో, మన నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది.

ఇక ఫీజులు. ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లో లక్షల్లో ఉంటాయి. స్కాలర్‌షిప్ రాకపోతే అప్పు చేసి పోవద్దమ్మా. ఇక్కడే డిగ్రీలో ఎకనామిక్సో కెమిస్ట్రీయో గట్టిగా చదివి, తర్వాత ఉస్మానియాలో జర్నలిజం పీజీ చేయొచ్చు. ఆ విభాగం 1954 నుంచి ఉంది. ఇంగ్లీష్ రాదని టెన్షన్ పడేవాళ్లు రోజూ ఒక ప్రభుత్వ రిపోర్టులో రెండు పేజీలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవండి. మీ జిల్లా భూగర్భ జలాల రిపోర్టుతోనే మొదలుపెట్టొచ్చు.