కెమెరా లేకుండా ఫొటోల పుస్తకం

అందరికీ నమస్కారం. ఫొటోగ్రఫీ చరిత్ర అనగానే కెమెరా, 1839లో పారిస్‌లో డాగ్యురే అనే ఆయన ఫొటో పద్ధతిని ప్రకటించడం, ఇవే చెబుతాం. నేను మాత్రం కెమెరా వాడకుండానే ఫొటోలతో పుస్తకం తయారుచేసిన అన్నా అట్కిన్స్ గురించి మాట్లాడాలనుకుంటున్నాను. కళ, సైన్సు, టెక్నాలజీ మూడూ ఆమె చేతిలో ఒకటైనంతగా ఇంకెక్కడా కాలేదని నా నమ్మకం.

మొదట్లో అసలు చిక్కంతా బొమ్మ నిలవడం దగ్గరే. వెండి లవణాలు పూసిన కాగితం వెలుతురుకు నల్లబడుతుందని ముందే తెలుసు. ఇంగ్లండ్‌లో థామస్ వెడ్జ్‌వుడ్ అలాగే ఆకుల బొమ్మలు పట్టారు, 1802లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఆ ప్రయోగాల గురించి రాశారు కూడా, కానీ పగటి వెలుతురు తగిలితే మిగతా కాగితమూ నల్లబడిపోయేది కాబట్టి వాటిని కొవ్వొత్తి వెలుగులోనే చూసుకోవాల్సి వచ్చేది. దీనికి మందు ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దగ్గర 1819 నుంచే ఉంది! హైపో అనే రసాయనం వెండి లవణాలను కరిగిస్తుందని ఆయన అప్పుడే కనిపెట్టారు. వెలుతురు తగలని లవణాలను కడిగేసి బొమ్మను నిలబెట్టడానికి అది ఫొటోలకు పనికొచ్చింది 1839లో. పాత స్టూడియోల్లో పనిచేసినవాళ్లకు హైపో అంటే చెప్పక్కర్లేదు.

అదే హెర్షెల్ 1842లో వెండి బదులు ఇనుప లవణాలతో సయనోటైప్ అనే పద్ధతి తెచ్చారు. మందు పూసిన కాగితం మీద వస్తువు పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలినచోట ముదురు నీలం వస్తుంది, వస్తువు కిందిది తెల్లగా ఉండిపోతుంది. మామూలు నీళ్లతో కడిగితే చాలు.

అట్కిన్స్‌కు బొమ్మలు గీయడం రాక ఈ పద్ధతికి రాలేదు. తండ్రి అనువదించిన గవ్వల పుస్తకానికి 200కు పైగా బొమ్మలు వేసిన మనిషి ఆమె. అంత చెయ్యి తిరిగినావిడే, సముద్రపు నాచులో అతి సన్నని పోగులను ఉన్నదున్నట్టు గీయడం కష్టమని తన నాచుల ఫొటో పుస్తకం ముందుమాటలో రాసి, హెర్షెల్ పద్ధతి పట్టుకున్నారు. 1843లో మొదలుపెట్టి పదేళ్లు చేశారు. ప్రతి కాపీలో ప్రతి పేజీనీ విడిగా ఎండలో పెట్టి తీయాల్సిందే, చివరికి అక్షరాలు కూడా ఆమె చేతిరాతే, నీలం మీద తెల్లగా. ఒక్కో నాచు కొమ్మను పేజీలో ఎంత అందంగా పరిచారో చూడండి, శాస్త్రానికి అంత అందం అవసరం లేదు, అయినా ఆమె వదల్లేదు. ముందుమాట కింద మాత్రం పూర్తి పేరు లేదు, ఏ.ఏ. అని రెండక్షరాలే!

తర్వాత ఇంజినీర్లు ప్లాన్ల కాపీలు తీసుకున్న బ్లూప్రింట్ కూడా ఇదే పద్ధతి.

మందు పూసిన కాగితాలు ఆ బల్ల మీద ఉన్నాయి, బయట ఎండ బాగుంది. తలా ఒక ఆకు కోసుకురండి, మొదలుపెడదాం.