దుకాణం సిస్టమ్‌ల ఏ సాఫ్ట్‌వేర్ వేయాలె? ఓపెన్ సోర్స్‌ల మంచిది చూసుకునుడు, అసలుది దించుకునుడు

నమస్తే అందరికీ. నల్లగొండ నుంచి మాట్లాడుతున్న. ఈ వీడియో దుకాణం నడిపేటోళ్ల కోసం. ఎరువుల షాపు, మెడికల్ షాపు, మిల్లు ఆఫీసు, ఏదైనా సరే. ఒకటో రెండో సిస్టమ్‌లు పెట్టుకొని బిల్లులు కొట్టుకునేటోళ్లు ఉంటరు గదా, వాళ్ల కోసం. పెద్ద కంపెనీలల్ల ఐటీ వాళ్లు ఉంటరు, వాళ్లే చూసుకుంటరు. మన దగ్గర ఏమైతది? సిస్టమ్ కొన్న రోజు ఒక తమ్ముడు వస్తడు, పెన్‌డ్రైవ్ పెడ్తడు, ఎంఎస్ ఆఫీసు, ఫొటోషాప్, తెలుగు ఫాంట్లు అన్నీ ఒక్కసారే వేసి పోతడు. అండ్ల ఏది కొన్నది, ఏది క్రాక్, అంటే పైసలు కట్టకుండ లైసెన్సు తాళం పగలగొట్టింది, మనకు తెల్వది.

క్రాక్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. క్రాక్ వేసేటప్పుడు మొట్టమొదలు ఏం చేయమంటరు? యాంటీవైరస్ ఆపమంటరు. మీ జీఎస్టీ లాగిన్, బ్యాంకు లాగిన్, రైతుల ఉద్దెర లెక్కలు, అన్నీ ఆ సిస్టమ్‌లనే ఉన్నయి. ఎవడు రాసిండో తెల్వని ప్రోగ్రామ్‌ను యాంటీవైరస్ ఆపి, అడ్మిన్ పర్మిషన్ ఇచ్చి మరీ నడిపిస్తున్నం. దయచేసి చేయకండి. పైసలు లేవు, లైసెన్సు కొనలేం అంటే దానికి ఓపెన్ సోర్స్ ఉన్నది, ప్రోగ్రామ్ కోడ్ అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్. దాన్ని ఎట్ల చూసుకోవాలె, ఎట్ల దించుకోవాలె, అదే ఇయ్యాల పని.

సరే, స్క్రీన్ మీదికి వద్దాం. ఇది ఒక విత్తనాలు, ఎరువుల షాపు సిస్టమ్. ఓనర్ అన్న పర్మిషన్ ఇచ్చిండు, పేర్లు, నంబర్లు కనపడకుండ కప్పినం. ముందు ఇండ్ల ఏమేం ఉన్నయో చూద్దాం. విండోస్ బటన్ పట్టుకొని ఆర్ కొట్టండి, ఇక్కడ యాప్‌విజ్ డాట్ సీపీఎల్, ఎంటర్. సెట్టింగ్స్‌లకు పోయి వెతుకుడు కంటే నాకు ఇదే సులువు, ఏ విండోస్‌ల అయినా పనిచేస్తది. ఇదిగో లిస్టు. టాలీ. ఆఫీసు. విన్‌రార్. ఎనీడెస్క్. వీఎల్‌సీ. కింద అను ఫాంట్లు. సరే.

టాలీని నేను ముట్టుకోను. ఇది ఓపెన్ సోర్స్ కాదు, కానీ సీఏ గారు అడిగేది టాలీ డేటానే, ఈ షాపుల లైసెన్సు కొన్నరు, గుమాస్తాకు చేతులు అలవాటైనయి. ఓపెన్ సోర్స్ అనంగనే అన్నీ పీకేసుడు కాదు. లెక్కలు, స్టాకు చూసుకునే ఓపెన్ సోర్స్ ఈఆర్‌పీనెక్స్ట్ ఉన్నది, మన ముంబైల పుట్టింది, మస్తు మంచిది, కానీ దానికి సర్వర్ కావాలె, చూసుకునే మనిషి కావాలె. రెండు సిస్టమ్‌ల షాపుకు అది బరువైతది. ఎరువుల పాస్ మిషన్ కూడ వేరే, దాని జోలికి పోం.

ఇప్పుడు ఫైళ్లను కుదించి కట్టే విన్‌రార్, దూరం నుంచి సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ చూడండి. చాలామంది ఇవి ఫ్రీయే గదా అంటరు. కాదు. విన్‌రార్ 40 రోజుల ట్రయల్. ఎనీడెస్క్ ఇంట్ల సొంతానికి వాడుకుంటే ఫ్రీ, వ్యాపారానికి వాడితే లైసెన్సు తీసుకోవాలె. పైసలు అడుగుతలేదు అంటే ఓపెన్ సోర్స్ అని కాదు. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ కనపడాలె, ఎవరైనా ఏ పనికైనా వాడుకోనీకి లైసెన్సుల రాసి ఉండాలె, దుకాణం పనికి కూడ. జీపీఎల్, ఎంఐటీ, అపాచీ, ఎంపీఎల్, ఇట్ల పేర్లు ఉంటయి. ఇవి కనపడితే వ్యాపారానికి వాడుకోవచ్చు. విన్‌రార్ తీసేస్తున్న, అదే పని చేసే ఓపెన్ సోర్స్ సెవెన్‌జిప్ వేస్తున్న. నెక్స్ట్, నెక్స్ట్, అయిపోయింది. ఎనీడెస్క్ కూడ తీసేస్తున్న, ఇక్కడ ఎవరూ వాడుతలేరు. ఎవరన్న ఫోన్ చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్న, ఈ యాప్ వేసుకోండి, నంబర్ చెప్పండి అంటే ఫోన్ పెట్టేయండి. పైసలు పోయినట్టు అనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

ఇగ ఆఫీసు. దీని బదులు లిబ్రేఆఫీస్. ఎందుకు లిబ్రేఆఫీసే? ఓపెన్ఆఫీస్ అని ఇంకోటి ఉన్నది గదా, పాత పేరు, అందరికీ తెలిసిన పేరు. రెండూ ఓపెన్ సోర్సే, రెండూ ఫ్రీయే. ఇక్కడే ఎంచుకునుడు అంటే ఏందో తెలుస్తది. 2010ల ఓపెన్ఆఫీస్ నుంచి చాలామంది డెవలపర్లు విడిపోయి లిబ్రేఆఫీస్ పెట్టుకున్నరు. అప్పటి నుంచి పని అంతా ఇక్కడ జరుగుతున్నది. ఓపెన్ఆఫీస్ 4.1 అనేది 2014ల వచ్చింది, ఇప్పటికీ 4.1 మీదనే చిన్న చిన్న రిపేర్లు. లిబ్రేఆఫీస్ ఆరు నెలలకు ఒక కొత్త వెర్షన్. పైగా నంబర్ చూస్తేనే వయసు తెలుస్తది. 24.2 అంటే 2024 ఫిబ్రవరి, 24.8 అంటే ఆగస్టు. మీ షాపుల ఏడు అనో ఆరు అనో మొదలయ్యే నంబర్ ఉంటే, అది 2024 కంటే పాతది అన్నట్టు. తీసి కొత్తది వేసుకోండి.

పేరు కాదు, చూసుకునేటోళ్లు ఉన్నరా లేరా, అది చూడాలె. పాస్‌వర్డ్‌లు దాచుకునే కీపాస్ఎక్స్ అని ఒకటి ఉండె. దాని పని 2021ల ఆపేసినం అని వాళ్లే ప్రకటించిండ్రు. ఇప్పుడు నడుస్తున్నది కీపాస్ఎక్స్‌సీ, చివర సీ ఉన్నది. ఒక్క అక్షరం తేడా. ఒకటి ఆగిపోయింది, ఒకటి బతికి ఉన్నది. ఓపెన్ సోర్స్ కోడ్ పెట్టే గిట్‌హబ్ సైట్‌ల రిలీజెస్ అని ఉంటది చూడండి, కుడి పక్కన, ఇదిగో. చివరి తారీఖు ఎప్పుడు? మార్పులు చేసేటోళ్లు ఎంతమంది? స్టార్లు ఎన్ని అని చూడకండి, స్టార్లతోటి రిపేర్లు కావు.

కోడ్ కనపడ్తది కాబట్టి దొంగతనమే జరగదు అని కూడ అనుకోవద్దు. 2024 మార్చిల ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే చిన్న ప్రోగ్రామ్‌ల దొంగదారి పెట్టిండ్రు. దాన్ని దాదాపు ఒక్క మనిషే చూసుకుంటుండె. సాయం చేస్త అని ఒకడు మెల్లగ చేరి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లల్ల పెట్టిండు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పట్టుకున్నడు. సర్వర్‌కు లాగిన్ అయ్యేటప్పుడు అర సెకను ఎక్కువ పడుతున్నది, ఎందుకు అని తవ్విండు. కోడ్ తెరిచి ఉన్నది కాబట్టి తవ్వగలిగిండు. అందుకే నేను అనేది, కోడ్ తెరిచి ఉండాలె, దాన్ని చూసే మనుషులు కూడ ఉండాలె, రెండూ ఉంటేనే దుకాణంల పెట్టాలె.

సరే, దించుకుందాం. ఇక్కడ నెమ్మదిగ పోతా, చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

గూగుల్‌ల పేరు కొట్టి, పైన వచ్చింది నొక్కొద్దు. పైన వచ్చేది యాడ్ కావచ్చు. 2023 అక్టోబర్‌ల కీపాస్ అనే ఇంకో పాస్‌వర్డ్ ప్రోగ్రామ్ పేరు మీద గూగుల్‌లనే ఒక నకిలీ యాడ్ వచ్చింది. అడ్రస్ చూస్తే అచ్చం అసలుదే. క్లిక్ చేసినంక వచ్చే సైట్ అడ్రస్‌ల కే అక్షరం కింద ఒక చిన్న గీత, స్క్రీన్ మీద దుమ్ము అనుకుంటం, అంత చిన్నది. అది వేరే సైట్. అందుకని అడ్రస్ బార్‌ల సొంతంగ టైప్ చేయండి, లిబ్రేఆఫీస్ డాట్ ఓఆర్‌జీ, ఇదిగో. డౌన్‌లోడ్. కింద చిన్న అక్షరాలల్ల ఇన్ఫో అని ఉన్నది, చూడండి. దాన్ని కొత్త ట్యాబ్‌ల తెరిచి పెట్టుకోండి. తమ్ముడూ, కొంచెం పెద్దగ చేయి. ఆ, ఇదిగో. షా 256 అని పక్కన పొడుగు నంబర్ ఉన్నది, ఫైల్ నుంచి లెక్కగట్టి తీసే ఈ నంబర్‌ను హాష్ అంటరు, అంకెలు, అక్షరాలు కలిపి 64. పత్తి విత్తనాల ప్యాకెట్ కొన్నప్పుడు లాట్ నంబర్, ట్యాగ్ చూస్తరు గదా, సంచి బొమ్మ చూసి నమ్మరు గదా, ఇది కూడ అంతే. ఫైల్‌ల ఒక్క అక్షరం మారినా ఈ నంబర్ మొత్తం మారిపోతది.

ఫైల్ దిగింది. ఇప్పుడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ ఉన్న చోట క్లిక్ చేసి సీఎండీ అని కొట్టి ఎంటర్. నల్ల విండో ఆ ఫోల్డర్‌లనే తెరుచుకుంటది, సీడీ గీడీ ఏం కొట్టే పని లేదు. ఇక్కడ సర్ట్‌యుటిల్, స్పేస్, హైఫన్ హాష్‌ఫైల్, స్పేస్, ఫైల్ పేరు మొదటి నాలుగు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగిలిన పేరు అదే వస్తది. అయిపోయింది అని ఎంటర్ కొట్టొద్దు, ఆగండి. పేరు తర్వాత ఒక స్పేస్ ఇచ్చి షా 256 అని రాయాలె. స్క్రీన్ మీద ఉన్నది చూడండి, మధ్యల స్పేస్ లేకుండ, ఒకటే పదం.

ఇది రాయకుంటే ఏమైతదో చూపిస్త. ఎంటర్. నంబర్ వచ్చింది. ఎర్రర్ ఏం రాలేదు. కానీ లెక్కపెట్టండి, ఇవి 40 అక్షరాలే. మనం చెప్పకుంటే ఇది షా 1 అనే పాత లెక్క చేస్తది. సైట్ల ఉన్నది 64, మన దగ్గర 40, ఎట్ల కలుస్తయి? కలవలేదు కాబట్టి ఫైల్ నకిలీది అని మళ్ల దించుతరు, మళ్ల అదే, చివరికి ఇసుగు పుట్టి చెకింగే మానేస్తరు. ఫైల్ మంచిదే, అడుగుడే తప్పు. పై బాణం నొక్కండి, పాత లైన్ వస్తది, చివర షా 256 కలపండి, ఎంటర్. ఇప్పుడు 64. దీన్ని సెలెక్ట్ చేసి కాపీ చేసి, ఇన్ఫో ట్యాబ్‌కు పోయి, కంట్రోల్ ఎఫ్, కంట్రోల్ వీ. పసుపు రంగు పడ్డది, అంటే కలిసింది. కంటితోటి ఒక్కో అక్షరం చూసుడు వద్దు, మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేసుడు అసలే వద్దు.

ఇంకో దారి, సెవెన్‌జిప్ వేసుకున్నం గదా, ఫైల్ మీద రైట్ క్లిక్, సీఆర్‌సీ షా అని వస్తది, అండ్ల షా 256. విండోస్ 11ల అయితే ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాలె. నేను రోజూ వాడేది ఇదే. కమాండ్ ఎందుకు చూపించిన అంటే, అది ఏ సిస్టమ్‌ల అయినా ముందే ఉంటది.

ఇంకొకటి. సైట్‌నే ఎవడన్న హ్యాక్ చేస్తే, ఫైల్, నంబర్ రెండూ మార్చొచ్చు. అందుకని ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్. లిబ్రేఆఫీస్ నడిపే సంస్థ పేరు, ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అని ఉండాలె. ఉన్నది. ఆ ట్యాబే రాకుంటే, ఇన్‌స్టాల్ చేయకండి.

ఇన్‌స్టాల్ మామూలే. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. టూల్స్, ఆప్షన్స్, లోడ్ సేవ్, జనరల్‌ల స్ప్రెడ్‌షీట్ అన్నకాడ ఎక్సెల్ పెట్టండి, సీఏ గారికి పంపినప్పుడు ఆయన దగ్గర నేరుగ తెరుచుకుంటది. మీ దగ్గర ఉన్న అన్నిటికంటే గజిబిజి షీట్ ఒకటి తెరిచి చూడండి. షీట్ల రాసి పెట్టిన చిన్న ప్రోగ్రామ్‌లు, మాక్రోలు అంటరు, అవి ఉంటే కొన్ని నడవకపోవచ్చు. అది చూసినంకనే పాత ఆఫీసు తీయండి.

తెలుగు. ఆప్షన్స్‌లనే లాంగ్వేజెస్, జనరల్, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ దగ్గర టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. ఇది ఇంగ్లీషుకు ఒక ఫాంట్, తెలుగుకు ఒక ఫాంట్ విడివిడిగ పెట్టుకుంటది. పైన సైజు మార్చినా తెలుగు మారుతలేదు అంటే, ఫార్మాట్, క్యారెక్టర్‌కు పోయి తెలుగు వైపు మార్చాలె. అను ఫాంట్లతోటి చేసిన పాత ఫైళ్లు ఆ ఫాంట్ లేని సిస్టమ్‌ల పిచ్చి గీతలు వస్తయి, వెతికితే దొరకవు. కొత్తవి యూనికోడ్‌ల, అంటే ఏ సిస్టమ్‌ల అయినా తెలుగు తెలుగు లెక్కనే కనపడే పద్ధతిల చేయండి. గూగుల్ ఫాంట్స్‌ల తెలుగువి ఓపెన్ లైసెన్సుతోటి ఉన్నయి, మండలి, రామభద్ర, సురవరం. సురవరం అంటే మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరే, 1926ల గోలకొండ పత్రిక పెట్టిన ఆయన. షాపు బోర్డుకు, రేట్ల పట్టికకు ఆ ఫాంట్ మస్తు నిండుగ కనపడ్తది. నాకు ఇష్టం.

కీపాస్ఎక్స్‌సీ కూడ ఇట్లనే దించి, చెక్ చేసి వేసిన. జీఎస్టీ, ఈ-వే బిల్లు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు అన్నీ అండ్ల. మానిటర్‌కు అంటించిన చీటీ తీసేయండి. ఒక్క పెద్ద పాస్‌వర్డ్ గుర్తుంచుకోవాలె, అది మరిచిపోతే ఎవరూ తీయలేరు, కాబట్టి రాసి ఇంట్ల బీరువాల పెట్టండి.

అప్‌డేట్లు. 2017 మేల వానాక్రై అనే వైరస్ వచ్చింది, లక్షల సిస్టమ్‌లకు తాళం వేసింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలనే ఇచ్చింది, రెండు నెలల ముందు. వేసుకోనోళ్లు మునిగిండ్రు. నెలకొకసారి నల్ల విండోల వింగెట్ అప్‌గ్రేడ్, హైఫన్ హైఫన్ ఆల్ అని కొట్టండి, అదే దించి, అదే హాష్ చెక్ చేసి వేస్తది. బ్యాకప్ తీసినంక పెన్‌డ్రైవ్ పీకేయండి. పెట్టి ఉంచితే దానికి కూడ తాళం పడ్తది. నెలకొకసారి ఆ బ్యాకప్ నుంచి ఒక ఫైల్ వెనక్కి తీసి, తెరుచుకుంటున్నదా చూడండి.

ఈ షాపుల వెనక రూమ్‌ల ఇంకో సిస్టమ్ ఉన్నది, విండోస్ 10. దానికి 2025 అక్టోబర్ 14తోటి సపోర్ట్ ముగిసింది, దాని మీద విండోస్ 11 ఎక్కది. దాని మీద విండోస్ బదులు వాడే ఓపెన్ సోర్స్ లినక్స్ మింట్ వేద్దాం, వచ్చే వీడియోల. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, బిల్లు ప్రింటర్, డిజిటల్ సంతకం పెట్టే డీఎస్‌సీ టోకెన్ పనిచేస్తున్నయా చూసినంకనే ఇన్‌స్టాల్ చేస్త. టోకెన్‌కు లినక్స్ డ్రైవర్ ఉన్నదా అని, మీకు అది ఇచ్చినోళ్లను ఈలోపు అడిగి పెట్టుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేసి ఉంచండి.