నోటుపుస్తకంలో లేని మనిషి

మిత్రులందరికీ నమస్కారం.

ఇళ్లకు వెళ్లి, మంచాన పడ్డ వృద్ధులను చూసివచ్చే నర్సులూ స్వచ్ఛంద కార్యకర్తలే ఈ సభలో ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. నేనూ ఇరవై ఏళ్లకు పైగా ఆ పనిలోనే ఉన్నాను. అందుకని ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను. జబ్బుపడ్డ భార్యను చంపి తానూ ప్రాణం తీసుకునే వృద్ధ భర్తల గురించి మాట్లాడబోతున్నాను. ఇది వినడానికి కష్టమైన విషయం. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇటువంటిది జరిగి ఉంటే, మధ్యలో లేచి బయటికి వెళ్లాలనిపిస్తే మొహమాటపడకండి. మా సహోద్యోగి ఒకరు తలుపు దగ్గరే కూర్చున్నారు. మీకు తోడుగా వస్తారు.

పత్రికల్లో అప్పుడప్పుడూ ఒక వార్త వస్తుంది. భార్య చాలాకాలంగా జబ్బుతో ఉంది. భర్తకూ వయసు మీదపడింది. ఒకరోజు ఆయన ఆమె ప్రాణం తీసి, తన ప్రాణమూ తీసుకున్నాడు. శీర్షిక ‘చావులోనూ వీడని బంధం’ అనో, దానికి దగ్గరగా మరొకటో ఉంటుంది. ఎంతో అన్యోన్యంగా ఉండేవారని, ఆమెను పసిపాపలా చూసుకున్నాడని ఇరుగుపొరుగువారు చెప్పిన మాటలు కింద ఉంటాయి. చదివి కళ్లు తుడుచుకుని పేజీ తిప్పేస్తాం.

నా అభ్యంతరం ఆ శీర్షికతోనే మొదలవుతుంది. ఆ వార్తలో చనిపోయినవారు ఇద్దరు. నిర్ణయం తీసుకున్నది ఒకరే. ఆమెను ఎవరు అడిగారు?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో డోనా కోహెన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు వృద్ధుల్లో జరిగిన ఇలాంటి మరణాలను ఏళ్ల తరబడి పరిశీలించి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆమె ఆ తర్వాత కూడా చాలాకాలం ఇదే విషయం మీద పనిచేశారు. చంపినవారు దాదాపు అందరూ మగవాళ్లే, ఎక్కువగా భర్తలే. ఇద్దరూ కలిసి అనుకుని చేసిన ఘటనలు చాలా తక్కువ. భార్యకు ఏం జరగబోతోందో తెలియని ఘటనలే ఎక్కువ. ఇది ప్రేమతో చేసిన పని కాదని, నిస్పృహతోనూ కుంగుబాటుతోనూ చేసిన పని అని కోహెన్ గట్టిగా చెబుతూ వచ్చారు. కొన్ని ఇళ్లలోనైతే జబ్బు రాకముందు నుంచే భార్య మీద హింస ఉంది. సేవ చేశాడన్న పేరుతో ఆ పాత హింస కూడా మరుగున పడిపోతుంది.

‘బాధ నుంచి విముక్తి కలిగించాడు’ అనే మాట కూడా నాకు మింగుడుపడదు. వైద్యుల సాయంతో మరణించే హక్కును చట్టం చేసిన దేశాల్లో ఆ కోరిక రోగి నోటి నుంచే రావాలి. డాక్టర్లు పరీక్షించాలి, ఎవరి ఒత్తిడీ లేదని నిర్ధారించాలి. ఆ చట్టాలు మంచివా కావా అన్నది వేరే చర్చ. ఇక్కడ అవేవీ లేవు. ఆమెకు బతకాలని ఉందో లేదో కనుక్కునే ప్రయత్నమే జరగలేదు.

అలాగని ఆ భర్తలను రాక్షసులని అనలేను. అలాంటి ఒకాయన ఇంట్లో నేను నెలల తరబడి కూర్చున్నాను. పేరు చెప్పను. ఆయనను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆయనకు ఎనభై దాటాయి. భార్యకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్షీణించే జబ్బు. పిల్లలు దూరంగా ఉంటారు. నేను వారానికి ఒకసారి వెళ్లేదాన్ని. వెళ్లగానే ఒక నోటుపుస్తకం తెచ్చి ఇచ్చేవారు. స్కేలు పెట్టి గీసిన గళ్లు, ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ మాత్ర ఎన్నింటికి వేశారో, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగిందో, మూత్రం ఎన్నిసార్లో, బీపీ ఎంతో. రాత్రి సంగతులూ రాసేవారు. ‘2.10 లేచింది. అమ్మ కావాలంది. 2.40 పడుకుంది. 3.15 మళ్లీ లేచింది. నేనెవరని అడిగింది.’ ఆ పుస్తకాన్ని డాక్టరు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ‘మీలా చూసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు బాబాయి గారూ’ అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

రెండు గంటల పది నిమిషాలకూ మూడుంబావుకూ ఆమె లేచిందని రాసిన మనిషి కూడా ఆ వేళకు మెలకువగా ఉన్నట్టే కదా! ఈ చిన్న సంగతి నా బుర్రకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక రాత్రి కాదు, ప్రతి రాత్రీ. ఆ రోజు ఆయన సొంత బీపీ మాత్రలు చూపించమన్నాను. నెల కిందట కొన్న అట్టలో మూడు మాత్రమే వాడారు. అంత పద్ధతిగా రాసిన పుస్తకంలో ఆయన గురించి ఒక్క గడి కూడా లేదు.

బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర అన్నారు: ‘ఇద్దరం ఒకేసారి పోతే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదమ్మా.’

నేనేమన్నానో తెలుసా? మీరైనా అదే అంటారు. ‘అవేం మాటలు బాబాయి గారూ, నిండు నూరేళ్లు ఉండాలి మీరు’ అన్నాను. ఆయన తల ఊపారు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

సాయంత్రం మా పర్యవేక్షకురాలికి మామూలుగానే ఈ సంగతి చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం పక్కన పెట్టి, ‘ఆయన నీకు చెప్పుకోబోయాడు, నువ్వు నోరు మూయించి వచ్చావు’ అంది. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. అప్పటికప్పుడు వెనక్కి వెళ్లాను. ఎలా అడగాలో దారి పొడుగునా కూడబలుక్కున్నా, అక్కడికి వెళ్లేసరికి సూటిగానే వచ్చింది. ‘పొద్దున మీరన్న మాట నన్ను వదల్లేదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా మీకు?’

చాలాసేపు నేల చూపులు చూశారు. తర్వాత, ‘ఏ రోజన్నది కూడా అనుకున్నానమ్మా’ అన్నారు. ‘మరి పిన్ని గారు?’ అని అడిగాను. ‘దాన్ని ఒక్కదాన్నే వదిలి ఎలా పోతాను?’ అన్నారు. ‘ఆవిడకు చెప్పారా?’ అంటే ఆ ప్రశ్నే ఆయనకు వింతగా తోచింది. ‘దానికేం తెలుస్తుంది?’ అన్నారు. ఆవిడ పక్కగదిలో కూనిరాగం తీస్తోంది. కిటికీ మీద పిట్ట వాలితే ఆ వేళ కూడా నవ్వింది, నేను చూశాను.

ఆయన అనుకున్న రోజు ఏదనుకుంటున్నారు? ఆమెను వృద్ధుల సంరక్షణ కేంద్రానికి మార్చడానికి పిల్లలు ఖాయం చేసిన తేదీకి ముందురోజు. మనమంతా అది ఆయనకు విశ్రాంతి అనుకున్నాం. ఆయనకది ఎడబాటు, ఓటమి. కోహెన్ అధ్యయనాల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఆసుపత్రిలో చేర్చాల్సి రావడం, సంరక్షణ కేంద్రానికి మార్చాలనుకోవడం, చూసుకునే మనిషికే కొత్తగా పెద్ద జబ్బు బయటపడటం, ఇలా ఇద్దరూ విడిపోవలసి వస్తుందనిపించే సమయాల్లోనే ప్రమాదం పెరుగుతుంది. ఇది క్షణికావేశంలో జరిగిపోయేది కాదు. వారాలు, నెలల పాటు మనసులో నలుగుతుంది. అంటే, అడ్డుపడటానికి మనకు అన్ని వారాలు, అన్ని నెలలు ఉన్నాయి.

ఒక ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. ప్రపంచంలో ఎక్కడ చూసినా రోగులకు చాకిరీ చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. అయినా ఇలా చంపేది దాదాపు ఎప్పుడూ మగవాళ్లే ఎందుకు? భారం ఒక్కటే కారణమైతే లెక్క తిరగబడాలి. నాకు అర్థమైనంతలో, ఇల్లు గడపాల్సిన వాడిని, నిర్ణయం తీసుకోవాల్సిన వాడిని, చేయి చాచకూడని వాడిని అని ఆ తరం మగవాడు జీవితమంతా నేర్చుకున్నాడు. ఆమె కష్టపడితే పొరుగింటావిడతో చెప్పుకుని ఏడుస్తుంది. ఆయన నోటుపుస్తకంలో గళ్లు గీస్తాడు. చేతిలో ఏదీ నిలవని స్థితి వచ్చినప్పుడు కూడా, ఆమె ప్రాణంతో సహా అన్నిటికీ తానే ఒక ముగింపు ఏర్పాటు చేయాలనుకుంటాడు. దీన్ని త్యాగమని పిలిస్తే ఆ ఆలోచనకు మనమే పీట వేసినట్టు.

చాకిరీ భారం చిన్నదని నేను అనడం లేదు. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనే పరిశోధకులు 1999లో ఒక ఫలితం ప్రకటించారు. 66 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న దంపతులను నాలుగేళ్లు గమనించారు. జీవిత భాగస్వామికి సేవ చేస్తూ, దానివల్ల ఒత్తిడికి గురవుతున్నామని చెప్పినవారిలో మరణించే ముప్పు, అటువంటి బాధ్యత లేనివారితో పోలిస్తే 63 శాతం ఎక్కువని తేలింది. చేసేవాళ్లు ముందు పోతారని పెద్దవాళ్లు అనే మాట ఉత్త మాట కాదు.

జపాన్‌లో ఈ బాధకు ప్రత్యేకంగా పేర్లే ఉన్నాయి. ముసలివారికి ముసలివారే సేవ చేయడాన్ని ‘రోరో కైగో’ అంటారు. సేవ చేసే మనిషి చేతిలోనే రోగి మరణిస్తే ‘కైగో సత్సుజిన్’. అక్కడ దీర్ఘకాలిక సంరక్షణకు 2000లో ప్రజా బీమా మొదలైంది. అయినా 2006లో క్యోటోలో ఒక కొడుకు, డిమెన్షియాతో ఉన్న తల్లిని చంపి తానూ చనిపోబోయి బతికాడు. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసి, ప్రభుత్వ సాయం కోసం తిరిగి, దొరకక అక్కడికి చేరాడు. కోర్టు రెండున్నరేళ్ల శిక్ష వేసి, దాని అమలును మూడేళ్లు నిలిపివేసింది. విచారణకు గురవుతున్నది నిందితుడు ఒక్కడే కాదని, సంరక్షణ వ్యవస్థ తీరు కూడా అని న్యాయమూర్తి వ్యాఖ్యానించారు. పథకం కాగితం మీద ఉండటం వేరు, తలుపు తట్టి ఇంట్లోకి రావడం వేరు. తలుపు తట్టేది మీరూ నేనూ.

మీరు భయపడకుండా ఒక మాట చెప్పాలి. సేవలో అలసిపోయిన లక్షలాది మందిలో ఇంత దూరం వెళ్లేవారు అతి కొద్దిమంది. విసుక్కున్న ప్రతి భర్తనూ అనుమానంగా చూడమని నేను చెప్పడం లేదు. అడగమంటున్నాను. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం మనలో బలంగా ఉంది. అది నిజం కాదని పరిశోధనలు పదే పదే చూపించాయి. అడగడం వల్ల చాలామందికి గుండె బరువు దిగుతుంది.

‘ఎలా ఉన్నారు’ అని అడిగితే, ‘ఇవాళ కొంచెం నయం, రెండు ముద్దలు తింది’ అని ఆమె గురించి చెబుతారు. అక్కడ ఆగిపోకండి. ఆయన నిన్న ఎన్ని గంటలు పడుకున్నారో అడగండి. తన మాత్రలు చూపించమనండి. కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో, ఇల్లు దాటి ఎన్నాళ్లయిందో అడగండి. ‘నా తర్వాత దీనికెవరు’, ‘ఇక చాలు’ వంటి మాట వస్తే నూరేళ్ల దీవెన ఇవ్వకండి. ‘అంటే ఏమిటి మీ ఉద్దేశం’ అనండి. కాగితాలన్నీ సర్ది కవర్లలో పెట్టడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఇన్నాళ్లూ అల్లాడిన మనిషి ఉన్నట్టుండి నిమ్మళించడం చూస్తే ఆ రోజు ఆ ఇంటి నుంచి తొందరగా లేవకండి.

‘అవును, ఆలోచన ఉంది’ అంటే ప్రమాదం ఇద్దరికని గుర్తుపెట్టుకోండి. ఆయనను ఒంటరిగా వదలకండి, ఆమెను ఆయన దగ్గర ఒంటరిగా వదలకండి. హాని చేయడానికి పనికివచ్చేవి ఇంట్లో ఏమున్నాయో అడిగి, ఎవరిచేతనైనా అక్కడి నుంచి తీయించండి. డాక్టరుకూ దగ్గరి బంధువుకూ అక్కడి నుంచే ఫోన్ చేయండి, మీ ప్రాంతంలోని ఆత్మహత్య నివారణ సహాయవాణి నంబరు ఆయన కళ్లెదుటే నొక్కండి. ప్రమాదం తక్షణమే అనిపిస్తే అత్యవసర సేవలను పిలవండి. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వకండి. కుంగుబాటు వయసుతో వచ్చే సహజ లక్షణం కాదు. ఎనభైలో కూడా చికిత్సకు లొంగే జబ్బు.

ఈ సభలో పాత్రికేయులు ఎవరైనా ఉంటే వారికొక విన్నపం. ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000 నుంచీ సూచనలు ఇస్తోంది, 2023లో వాటిని మళ్లీ సవరించింది. పద్ధతిని వర్ణించవద్దని, చావును అందంగా చూపించవద్దని, సాయం ఎక్కడ దొరుకుతుందో రాయమని ఆ సూచనల సారాంశం. అదే అలసటతో ఆ ఉదయం మీ శీర్షిక చదివే మరొక ముసలాయనను దృష్టిలో పెట్టుకుని రాయండి.

ఆ బాబాయి గారి సంగతి అడుగుతారని తెలుసు. ఆ రాత్రి కూతురు వచ్చేదాకా నేనూ మా పర్యవేక్షకురాలూ అక్కడే ఉన్నాం. కుంగుబాటుకు మందులు మొదలయ్యాయి. రాత్రులు చూసుకోవడానికి మనిషి కుదిరింది. కొన్ని నెలలకు పిన్ని గారిని సంరక్షణ కేంద్రానికి మార్చారు. ఆయన ఒప్పుకున్నారని చెప్పలేను, ఊరుకున్నారు. రోజూ మధ్యాహ్నం వెళ్లి ఆవిడ పక్కన కూర్చునేవారు. ఆయనెవరో ఆవిడకు కొన్ని రోజులు తెలిసేది, కొన్ని రోజులు తెలిసేది కాదు. నోటుపుస్తకం మానలేదు. నేను అడిగితే చివరి పేజీల్లో కొత్తగా ఒక గడి గీశారు. అందులో మొదటి వారమంతా ఖాళీగానే ఉంది. రెండో వారం ఒకచోట ‘నేను: 5 గంటలు’ అని రాసి ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. లేచి అడగలేనివారు చీటీ మీద రాసి పంపండి, పేరు అవసరం లేదు.