చప్పుడు ముందొస్తే మెదడు ఒప్పుకోదు

హోస్ట్: నమస్కారం. టీవీలో పెదాలు కదిలాక మాట కాస్త వెనకబడితే సర్దుకుపోతాం. అదే మాట ముందొచ్చి పెదాలు తర్వాత కదిలితే వెంటనే చిరాకు. ఎందుకండీ ఈ పక్షపాతం?

అతిథి: బయటి లోకంలో చప్పుడు ఎప్పుడూ ముందు రాదు కాబట్టి. వెలుతురు వచ్చేసినంత వేగంగా శబ్దం రాలేదు. సెకనుకు దాదాపు 340 మీటర్లు, అంటే మీటరుకు ఇంచుమించు 3 మిల్లీసెకన్లు. చెరువు అవతలి గట్టున, 100 మీటర్ల దూరంలో ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే గమనించండి. బట్ట బండకు తగలడం కనిపించిన 0.3 సెకన్లకు గానీ ‘దబ్’ మని వినపడదు. మెదడుకు చిన్నప్పటి నుంచీ అలవాటైన వరస అదే.

హోస్ట్: బ్రాడ్‌కాస్టింగ్ వాళ్లు దీనికి లెక్కలు కట్టారా?

అతిథి: కట్టారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998 సిఫారసు ప్రకారం, ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, జనం పసిగట్టేస్తారు. వెనకబడితే మాత్రం 125 దాకా కనిపెట్టరు. ఇక భరించగలిగే హద్దు: ముందు 90, వెనక 185. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంటే ఎడిటర్‌కు ముందు వైపు ఒక్క ఫ్రేము, వెనక వైపు మూడు. అంతే వెసులుబాటు.

హోస్ట్: మరి ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్లలో చప్పుడుకు ఆలస్యమే ఉండదు కదా? అప్పుడు రెండూ కచ్చితంగా కలుస్తాయా?

అతిథి: కలవవు, అక్కడే తమాషా. బయట శబ్దం ఆలస్యం, ఒంట్లోకి వచ్చాక చూపు ఆలస్యం. చెవి లోపలి రోమకణాలు కదలికను నేరుగా విద్యుత్ సంకేతంగా మార్చేస్తాయి. రెటీనాలో అలా కాదు, వెలుతురు ఒక రసాయన చర్యల వరసను దాటుకుని రావాలి. ఆ తేడా సుమారు 30, 40 మిల్లీసెకన్లు. అందుకే మనిషి 10, 15 మీటర్ల దూరంలో ఉన్నప్పుడే రెండు కబుర్లూ దాదాపు ఒకేసారి అందుతాయి. మిగతా దూరాల్లో మెదడే సర్దుబాటు చేసుకోవాలి.

హోస్ట్: కన్ను ఒకటి చెప్పి, చెవి ఇంకొకటి చెబితే?

అతిథి: ఎవరి మాట నమ్మదగ్గదైతే వాళ్ల మాటకే బరువు. ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు సాధారణంగా కన్ను గెలుస్తుంది. అందుకే స్పీకర్ టీవీ అడుగున ఉన్నా మాట హీరో నోట్లోంచే వస్తున్నట్టుంటుంది. కానీ 2004లో అలైస్, బర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో బొమ్మను బాగా మసకబరిస్తే, అదే పోటీలో చెవి గెలిచింది. ‘ఎప్పుడు, ఎన్నిసార్లు’ అన్నదాంట్లో చెవిదే పైచేయి. 2000లో షామ్స్ బృందం ఒక్క మెరుపు చూపించి రెండు బీప్‌లు వినిపిస్తే, చూసినవాళ్లకు రెండు మెరుపులు కనబడ్డాయి.

హోస్ట్: బీప్‌లు ల్యాబ్ సరుకు. ఇంట్లో మామూలు చప్పుళ్ల సంగతి?

అతిథి: తాళంచెవుల గలగల తీసుకోండి. 2008 ప్రయోగంలో, ఆ గలగల వినిపించినప్పుడు బోలెడు బొమ్మల మధ్య తాళంచెవుల బొమ్మను జనం త్వరగా పట్టుకున్నారు. చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో తెలియకపోయినా సరే. అంటే చెవి ఇచ్చింది దిక్కు కాదు, వస్తువు గుర్తు.

హోస్ట్: చూసే పెదాలను బట్టి వినే అక్షరమే మారిపోయే మెక్‌గర్క్ భ్రమను మన శ్రోతలు ఫోన్‌లోనే చేసి చూడొచ్చంటారు. ఎలా?

అతిథి: ఒకే మనిషిని, ముఖం ఫ్రేము నిండా ఉండేలా, రెండు క్లిప్‌లు తీయండి. ఒకదాంట్లో ‘గ గ గ’, ఇంకోదాంట్లో ‘బ బ బ’, ఒకే వేగంతో. ఎడిటింగ్ యాప్‌లో ‘గ’ వీడియో సౌండ్ మ్యూట్ చేసే ముందు, ఆ వేవ్‌ఫార్మ్, అంటే ధ్వని గీత, ఎక్కడ ఎగిసిందో చూసుకుని, ‘బ’ ఆడియోను సరిగ్గా అక్కడికే తెచ్చి పెట్టండి. చాలామందికి ‘బ’ కాక ‘ద’ లాంటిది వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మళ్లీ ‘బ’.

హోస్ట్: కొందరికి ఏమీ మారదట కదా.

అతిథి: 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ పరీక్షించిన పెద్దవాళ్లలో 98 శాతం మందికి మారింది. తర్వాతి అధ్యయనాల్లో మనిషికీ మనిషికీ, క్లిప్‌కీ క్లిప్‌కీ చాలా తేడా వచ్చింది. మీ క్లిప్ పనిచేయకపోతే ముందు మీసం, నీడ చూడండి, పెదాలు కనబడాలి. తర్వాత ఆడియో ముందుకు జరిగిందేమో చూడండి. ఇక క్లిప్‌లను తారుమారు చేసి ‘బ’ పెదాలకు ‘గ’ ధ్వని పెడితే ఒక్క అక్షరంగా కలవదు, ‘బగ’, ‘గబ’ లాంటివి వినిపిస్తాయి. పెదాలు మూతపడటం కంటికి అంత స్పష్టం, దాన్ని మెదడు కొట్టిపారేయలేదు.

హోస్ట్: డబ్బింగ్ రైటర్లు ప, బ, మ కోసం అంత తంటాలు పడేది అందుకేనా?

అతిథి: అందుకే. క్లోజప్‌లో పెదాలు మూసుకున్న చోట తెలుగు మాటలో ఓష్ఠ్యం, అంటే పెదాలు కలిసే అక్షరం, పడాలి, తెరిచి ఉన్న చోట పడకూడదు. క, గ, త, ద ల్లాంటివి అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. అవధానంలో నిరోష్ఠ్యం, అంటే పెదాలు కలవని అక్షరాలతోనే పద్యం, అడిగినప్పుడు పడే కష్టం లాంటిదే, కాకపోతే ఇక్కడ ఏ అక్షరం దగ్గర పెదాలు కలవాలో నటుడు ముందే తేల్చేశాడు.

హోస్ట్: చివరిగా, ఇంట్లో హోమ్ థియేటర్‌లో మాట తేడా వస్తే?

అతిథి: ముందు ఏది వెనకబడిందో తేల్చుకోండి. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడంలో ఆలస్యం చేస్తే మాట ముందొస్తుంది. టీవీలో ఆ మెరుగులు తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి, లేదా ఆంప్లిఫయర్‌లో ఆడియో డిలేను 10, 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచండి. విండోస్ కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ అయితే కీబోర్డు మీద కె నొక్కిన ప్రతిసారీ ధ్వని 50 వెనక్కి, జె నొక్కితే 50 ముందుకు. బ్లూటూత్ స్పీకర్ గొడవ దీనికి పూర్తిగా ఉల్టా, అక్కడ మాటే ఆలస్యం. దానికి డిలే పెంచితే రోగం ముదురుతుంది.

హోస్ట్: మరి టీవీలో ధ్వనిని ముందుకు జరిపే ఆప్షన్ లేకపోతే?

అతిథి: వైరు పెట్టుకోవడమే.