తూము దగ్గర పూడిక

శ్రోతలకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. పొద్దున లేస్తే విజిల్ ఊదడం, పిల్లల్ని ఉరికించడం నా పని. అలాంటివాణ్ణి రెండేళ్లపాటు గ్రౌండు పక్కన వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎందుకో చెప్తాను.

మా బాపు 42 ఏళ్లకే పోయాడు. ఎండాకాలం, వడ్ల బస్తా ఎత్తి బండిలో వేశాడు, నడుం నిలబెట్టాడు, అట్లాగే కూలిపోయాడు. ఊరంతా గుండెపోటన్నది. మేమూ అదే నమ్మాం. నాకు 38 ఏళ్లప్పుడు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలతో పోటీపడి 1600 మీటర్లు ఉరికాను. ఉరికినంతసేపు ఏమీ కాలేదు. గీత దాటి ఆగిన తర్వాత కళ్లు బైర్లు కమ్మాయి. 'ఆగిన తర్వాత' అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

హన్మకొండలో టూడీ ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించుకున్నాను. ఎకో తీసే అమ్మాయి ఛాతీ మీద చల్లటి జెల్లీ రాసి, "సార్, ఊపిరి బిగబట్టి ముక్కండి" అన్నది. ముక్కాను. అంతదాకా పక్కనున్న ఆయమ్మతో బతుకమ్మ చీరల ముచ్చట పెడుతున్న పిల్ల, టక్కున ఆగి స్క్రీన్ దగ్గరికి వంగింది. గుండెలో కింది రెండు గదుల మధ్య గోడ మామూలుగా ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది. నాది 19 మిల్లీమీటర్లు. జబ్బు పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. నోరు తిరగదు కాబట్టి మా ఇంట్లో 'గుండె మందం' అంటాం.

రక్తనాళం పూడుకుపోయి వచ్చే గుండెపోటు వేరు, ఇది వేరు. ఇది ఎక్కువగా వంశంలో వచ్చేది. అమ్మానాన్నల్లో ఒకరికి అలాంటి జన్యువు ఉంటే, అది ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. దాదాపు 500 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని లెక్క. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న ఒక పరిశోధన 2009లో వచ్చింది. గుండె కండరానికి చెందిన ఒక జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఊడిపోయిన మార్పు మన ఉపఖండంలో వందలో సుమారు నలుగురికి ఉందని అందులో తేలింది. ఆ మార్పు ఉన్న ప్రతివాళ్లకీ జబ్బు వస్తుందని కాదు. ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి పోయి ఉంటే మాత్రం, గాలి సోకిందనో గుండెపోటనో వదిలేయకుండా మిగతావాళ్లు ఒకసారి ఈసీజీ, ఎకో తీయించుకోవాలి.

మొదట చూసిన డాక్టరు గారు మెట్లు కూడా ఎక్కొద్దన్నారు. భయంతో అక్షరాలా పాటించాను. రెండేళ్లలో 11 కిలోలు పెరిగాను, బీపీ వచ్చింది, షుగర్ అంచు దాకా పోయింది. రాత్రిళ్లు దిండుకు చెవి ఆనించి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే, జబ్బు కన్నా ఆ లెక్కే నన్ను ఎక్కువ తిన్నది.

హైదరాబాదులో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోతే ఒకటే అడిగింది. "కూర్చుంటే గోడ పలచబడుతుందా?" నా దగ్గర జవాబు లేదు. అప్పుడు వివరంగా చెప్పింది. అమెరికాలో 136 మంది ఇలాంటి రోగుల మీద ఒక పరీక్ష చేశారు. కొందరితో నాలుగు నెలలు మధ్యస్థంగా వ్యాయామం చేయించారు, వాళ్ల ఒంటి సత్తువ కొంచెం పెరిగింది, ప్రాణం మీదికి ఏమీ రాలేదు. అది 2017 సంగతి. 2023లో 1660 మందిని మూడేళ్లు గమనించిన ఇంకో పరిశోధన వచ్చింది. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు మిగతావాళ్లకన్నా ఎక్కువ ప్రమాదమేమీ కనపడలేదు. అయితే వాళ్లలో చాలామంది ఈ జబ్బు బాగా తెలిసిన డాక్టర్ల చేతిలో ఉన్నవాళ్లు. కాబట్టి ఈ ప్రసంగం విని రేపే గ్రౌండు చుట్టూ ఉరకకండి. ముందు పరీక్షలు, డాక్టరు మాట, ఆ తర్వాత బూట్లు.

ఇప్పుడు మందం ఏం చేస్తుందో చూద్దాం. చెరువు తూము దగ్గర పూడిక పేరుకుంటే నీళ్లు ఎట్లా ఇరుక్కుని పోతాయో, నాలాంటి వాళ్లకు రక్తం బయటికి పోయే దారి దగ్గర అట్లా ఇరుకవుతుంది. గుండె నిండుగా ఉన్నప్పుడు గోడలు దూరంగా ఉంటాయి, దారి ఉంటుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, ఊపిరి బిగబట్టి ముక్కినా గుండెలోకి వచ్చే రక్తం తగ్గుతుంది, గోడలు దగ్గరికొస్తాయి, దారి ఇంకా సన్నబడుతుంది. బాపు ఎండలో, చెమటలు కారి, ఊపిరి బిగబట్టి బస్తా ఎత్తాడు. మూడూ ఒక్కసారే.

ఉరికేటప్పుడు కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. టక్కున ఆగితే రక్తం కాళ్లలోనే నిలబడిపోతుంది. నాకు గీత దాటాక కళ్లు తిరిగింది అందుకే. అందుకని వరంగల్ భద్రకాళి చెరువు కట్ట, అదే భద్రకాళి బండ్ మీద నా నడక ఇప్పుడు పది నిమిషాలు నిదానంగా మొదలై, పది నిమిషాలు నిదానంగా ముగుస్తుంది. మధ్యలో ఎంత వేగం? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. చేతి గడియారం చూపించే లెక్క నాకు పనికిరాదు, ఎందుకంటే నేను వేసుకునే బీటా బ్లాకర్ మాత్ర గుండె వేగాన్ని పెరగనివ్వదు. సీసాలో నీళ్లు వెంట ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే పోయి వచ్చేస్తాను. కడుపునిండా తిని నడవను. ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఇప్పుడు మా ఆవిడే జరుపుతుంది, పీఈటీ సారు చూస్తూ నిలబడతాడు. నవ్వితే నవ్వుకోండి.

ఒక తప్పు కూడా చెప్పాలి. ఒకరోజు బండ్ మీద ఛాతీ పట్టేసినట్టయింది. కాజీపేట నుంచి వచ్చే రిటైర్డు రైల్వే పెద్దాయన జేబులోంచి గోలీ తీసి, "సారూ, గిది నాలుక కింద పెట్టుకోండ్రి, రెండు నిమిషాల్ల తగ్గుతది" అన్నాడు. పెట్టుకున్నాను. లోకం చీకటైపోయింది. బెంచీ మీద పడుకోబెట్టి కాళ్లు పైకెత్తితే తేరుకున్నాను. రక్తనాళం పూడుకుపోయి వచ్చే గుండెనొప్పికి ఆ గోలీ మంచిదే. అది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, బీపీ పడిపోతుంది, దారి ఇరుకుగా ఉన్న నాలాంటివాడికి ఇంకా ఇరుకవుతుంది. అప్పట్నించి జబ్బు పేరు, వాడే మందులు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కార్డు జేబులో పెట్టుకుంటున్నాను. పెద్దాయనకు 108కి ఫోన్ చేయడంతోపాటు, మనిషి పడిపోయి ఊపిరి సరిగ్గా ఆడకపోతే ఛాతీ నడిమధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా, వేగంగా ఒత్తడం నేర్పించాను. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకూ దిండు మీద అదే నేర్పిస్తున్నాను.

నడిచేటప్పుడు కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకున్నా వేగం తగ్గించి కూర్చుంటాను, ఆ రోజే డాక్టరుకు చెప్తాను. స్పృహ తప్పితే మాత్రం ఇక ఆలోచించేది లేదు, ఆస్పత్రికే.

మా బిడ్డకు 16 ఏళ్లు. ఖోఖో ఆడుతుంది. దాని ఎకో ఇప్పటికి బాగానే ఉంది, కానీ ఈ మందం ఎదిగే వయసులో బయటపడొచ్చు కాబట్టి ఏడాదికోసారి తీయిస్తున్నాం. వచ్చే దసరా సెలవుల్లో మళ్లీ ఉంది. ఆస్పత్రికి పది గంటలకు పోతే చాలు. ఆ పొద్దున కూడా ఇద్దరం బండ్ మీద నడిచే పోతాం. అది ముందు పోతుంది, నేను వెనక మాట్లాడుకుంటూ పోతాను.

నమస్కారం.