అసటీగ్ దీవిలో గాలి తిరిగిన రోజు | సెప్టెంబర్ వ్లాగ్

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా? ఈరోజు వ్లాగ్ వర్జీనియాలోని అసటీగ్ దీవి నుంచి. ఆష్‌బర్న్‌లో మా ఇంటి నుంచి నాలుగు గంటల దారి. నిన్న సాయంత్రమే వచ్చి పక్కనున్న షింకటీగ్ ఊళ్లో రూమ్ తీసుకున్నాం. ఇప్పుడు టైమ్ పొద్దున ఏడున్నర. గాలి చూశారా, మైక్‌కి కవర్ తొడిగినా హోరు వినిపిస్తూనే ఉంది. ఈ గాలి కోసమే వచ్చామండీ.

ఎందుకో చెప్తాను. మొన్నటిదాకా ఒకటే ఉక్క. నిన్న మధ్యాహ్నం పెద్ద వాన పడి వెలిసింది, దాని వెనకే వాయవ్యం గాలి ఎత్తుకుంది. కెనడా వైపు నుంచి దక్షిణానికి పోయే పక్షులు ఇలాంటి గాలివాటు చూసుకునే బయల్దేరతాయి. కానీ అదే గాలి వాటిని సముద్రం మీదకి తోసేస్తుంటుంది. నేల మీద బతికే పిట్టకి అట్లాంటిక్ మీద వాలే చోటేది? అందుకని ఒడ్డు పట్టుకుని కిందకి దిగుతాయి. ఆ ఒడ్డే ఈ దీవి, 37 మైళ్ల పొడవున సన్నటి ఇసుక దిబ్బ. వాన వెలిసిన మర్నాడు ఇక్కడ ఉంటే ఆకాశం మన మీదుగానే నడిచి వెళ్తుంది.

ముందు గుర్రాలు చూద్దాం, మా చిన్నోడు రాత్రి నుంచీ అడుగుతున్నాడు. ఈ దీవి పైన మేరీలాండ్‌లోకి కూడా సాగుతుంది. మేమున్న వర్జీనియా వైపు మంద షింకటీగ్ వాలంటీర్ ఫైర్ కంపెనీది, పెద్ద గుర్రాలు 150కి మించకుండా చూసుకుంటారు. జూలైలో వీటిని కాలువ ఈదించే రోజున ఇక్కడ ఇసకేస్తే రాలని జనం. ఇప్పుడు మాతో కలిపి మూడు కార్లు. ఆ పొట్టలు చూసి అన్నీ చూలుతో ఉన్నవే అనుకోకండి. ఇవి తినేది ఉప్పు కయ్యల్లో మొలిచే గడ్డి, ఆ ఉప్పుకి నీళ్లు తెగ తాగుతాయి, పొట్ట అలా ఉబ్బుతుంది.

ఆ గోధుమరంగు గుర్రం వీపు మీద జూమ్ చేస్తున్నా, చూడండి. కొంగ! అచ్చం మన ఊళ్లో గేదె మీద నిలబడ్డట్టే. గుర్రం అడుగు తీసి అడుగు వేస్తే గడ్డిలోంచి మిడతలు లేస్తాయి, ఇది కిందకి దూకి పట్టుకుంటుంది, మళ్లీ ఎక్కుతుంది. మన పశువుల కొంగకి ఇది అన్నదమ్ముల వరస. ఆఫ్రికా నుంచి ఎవరూ తేకుండానే సముద్రం దాటి దక్షిణ అమెరికాకి వచ్చి, అక్కడి నుంచి ఇంత దూరం పాకింది.

ఇది చూసి ఆగలేక నాన్నకి వీడియో కాల్ చేశాను. సూళ్లూరుపేటలో అప్పుడు సాయంత్రం ఐదున్నర.

“ఈ కొంగలు ఆడగూడా ఉండాయామ్మా?” అన్నాడు.

“ఉండాయి నాన్నా. నీకు ఇంకోటి చూపిస్తా ఉండు” అని, వచ్చే దారిలో తీసిన వాలప్స్ ఫోటో చూపించా. 1945 నుంచీ రాకెట్లు వదులుతున్న చోటు, ఇప్పుడు నాసాది, ఈ పక్షుల దీవికి కూతవేటు దూరం. నాన్న నవ్వేశాడు. పక్కన శ్రీహరికోట, ఇటు పులికాట్, అటు నేలపట్టు. చిన్నప్పుడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గూడబాతుల్ని చూపించడానికి తీసుకెళ్లింది ఆయనేనండీ. రాకెట్టు, కొంగ ఒకే ఊళ్లో ఉండడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే.

ఈ లూప్ రోడ్డులో మధ్యాహ్నం మూడు దాకా కార్లు రానివ్వరు, అందుకే నడుస్తున్నాం. దోమలు ఉన్నాయి, పొడుగు చేతుల చొక్కా తెచ్చుకోండి. చెరువులో ఆ బురద కనిపిస్తోందా? అది ఎండిపోయింది కాదు. వలస పిట్టల కోసం తూము తీసి నీళ్లు తగ్గిస్తారు. పసుప్పచ్చ కాళ్ల ఉల్లంకులు బురదలో ముక్కులు గుచ్చుతున్నాయి.

ష్... ఈ పసుపు పూల పొద దగ్గరికి నెమ్మదిగా రండి. దీన్ని గోల్డెన్‌రాడ్ అంటారు. ఒక్క కొమ్మ మీద మోనార్క్ సీతాకోకచిలుకలు ఏడు. ఇదిగో, ఈ ఒక్కదాన్ని చూడండి. కింది రెక్క మీద చిన్న నల్ల చుక్క ఉంది, అంటే మగది. కుడి రెక్క కొస చిరిగింది. చుట్టిన నాలుకని దారంలా విప్పి పువ్వులో పెట్టింది, నేను ఇంత దగ్గరికొచ్చినా తల ఎత్తట్లేదు. ఆ తేనె కొవ్వుగా మారితేనే మెక్సికో కొండల దాకా పోగలదు. ఇది ఈ ఎండాకాలం చివర్లో పుట్టింది, ఆ కొండల్ని ఎప్పుడూ చూడలేదు. చూసిన ముత్తాతలు ఎప్పుడో పోయారు. ఎన్ని సార్లు చదివినా, ఇలా ఎదురుగా చూస్తే నా గొంతు పూడుకుపోతోందండీ.

మధ్యలో పైన్ చెట్ల కింద వెండి రంగు పెద్ద ఉడత ఒకటి కనిపించింది, డెల్మార్వా ఫాక్స్ స్క్విరెల్. 2015లో దాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి తీసేశారు. పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఒక్క మెతుకూ కింద వదల్లేదు, గుర్రాలకి పెట్టనూ కూడదు.

ఇప్పుడు సాయంత్రం, బీచ్. అల వెనక్కి వెళ్తే దాని వెంట, ముందుకొస్తే దానికంటే ముందు పరుగెత్తే ఈ తెల్ల పిట్టలు శాండర్లింగ్స్, ఆర్కిటిక్‌లో పుట్టినవి. నేను వీటినే తీస్తున్నా. ఒక్కసారిగా అన్నీ లేచాయి. మా వారు “పైన, పైన!” అని అరిచారు. ముడిచిన గొడుగులా రెక్కలు బిగించి ఒక డేగ రాలిపడింది. గుంపు రెండుగా చీలింది, మళ్లీ కలిసింది. డేగ కాళ్లు ఖాళీ. ఒక్క చుట్టు తిరిగి, అలల మీదుగా దక్షిణానికి వెళ్లిపోయింది.

అది పెరెగ్రిన్, మన భైరి డేగ. మా ఊళ్లో దోమలకని గోడలకి డీడీటీ కొట్టేవాళ్లు, ఆ తెల్లటి మరకలు నాకింకా గుర్తే. ఇక్కడ అదే మందు పొలాల నుంచి పురుగుల్లోకి, పిట్టల్లోకి, వాటిని తిన్న ఈ డేగల్లోకి చేరి, పొదిగే తల్లి బరువుకే పగిలేంత పల్చగా చేసింది గుడ్డు పెంకుని. 1960ల నడుమకి అమెరికా తూర్పు వైపు గూడు కట్టే జంట ఒక్కటీ మిగల్లేదు. 1972లో డీడీటీని నిషేధించారు. పెంచి, వదిలి, కాపాడుకుంటూ వచ్చి 1999లో జాబితా నుంచి తీశారు. మా చిన్నోడు ఈరోజు చూసింది అలా తిరిగొచ్చిన పక్షిని.

క్లిప్ నాన్నకి పంపాను. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. కారు ఎక్కేలోపే వాయిస్ మెసేజ్ వచ్చింది: “ఇది పులికాట్‌కి గూడా వస్తాది. ఇంకో రెండు నెల్లు ఆగు, నేను తీసి పంపిస్తా.”